కప్ప నుంచి రబ్బరు తోక దాకా

సబ్బవరం పొలాల మీద కురిసిన వాన చాలావరకు గెడ్డల్లో పడి మేఘాద్రిగెడ్డ జలాశయానికి చేరుతుంది. కొంత విశాఖ కుళాయిల్లోకి వెళ్తుంది. గేట్లు ఎత్తినప్పుడు పారేది విమానాశ్రయం పక్కగా పోయి ఓడరేవు ఉప్పునీటిలో కలుస్తుంది. ఈ కొద్దిపాటి దారిలోనే గాలం వేసేవాళ్లకు ఇష్టమైన రెండు వేటచేపలున్నాయి. ఎగువన చెరువుల్లోనూ గెడ్డ మడుగుల్లోనూ కొర్రమీను, దిగువన ఉప్పూ తీపీ కలిసే చోట పండుగప్ప. రెండూ మాటు వేసి కొట్టేవే, రెండూ కదిలేదాన్నే మింగేవి. అయినా ఒకటి నాచులో దాక్కుంటుంది, ఇంకొకటి రాళ్ల పక్కన, వంతెన స్తంభాల నీడన నిలబడుతుంది.

రాడ్డూ రీలూ కొనుక్కున్న ప్రతి కుర్రవాడూ అడిగే ప్రశ్న ఒకటే: రెండుచోట్లా పనికొచ్చే ఒక్క ఎర ఏది? దుకాణంలో గోడనిండా వేలాడే లూర్లలో, అంటే ప్రాణంలేని ఎరల్లో, ఎక్కువభాగం అమెరికా మంచినీటి బాస్ కోసం పుట్టినవి. ఆ చేప మన చెరువుల్లో లేదు. మన సీబాస్ పండుగప్పే, దాని వంశం వేరు. అయినా ఆ లూర్లు ఇక్కడా పనిచేస్తున్నాయంటే కారణం వాటి చరిత్రలోనే ఉంది.

మన వైపు ఎర అంటే ముందు గుర్తొచ్చేవి ఎర్రలు. పశువుల సాల వెనక తడిమట్టి తవ్వి, కొబ్బరి చిప్పలో కాస్త మట్టితో సహా వేసుకుని గట్టుకు వెళ్తారు. జెల్లకూ మట్టగిడసకూ అవి చాలు. కొర్రమీనుకు మాత్రం కప్పపిల్ల కావాలి. దాని వీపు చర్మంలోంచి గాలం గుచ్చి, ప్రాణం పోకుండా చూసుకుని, పొడవాటి వెదురుకు కట్టిన పొట్టి దారంతో తామరాకుల సందుల్లో పైపైన తాటిస్తారు. ఒకచోట ఆనించి, ఎత్తి, జానెడు అవతల మళ్లీ ఆనిస్తారు. కప్ప తనంతట తాను గెంతుతున్నట్టే ఉండాలి. కొర్రమీను కొట్టినప్పుడు నీళ్లు టప్‌మని పగులుతాయి. చేయి తిరిగినవాడు అప్పుడు కర్ర లాగడు. చేప ఎరను నోట్లో సర్దుకుని కిందికి దిగేదాకా ఆగి, అప్పుడే గుంజుతాడు.

ఈ వేటలో నాకు నచ్చనిది ఒక్కటే, కప్ప బాధ. పొలంలో పురుగుల్ని తినిపెట్టే జీవి అది. కప్ప కాళ్ల ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లో ఆపేయడానికి ఒక కారణం కూడా ఇదే. ప్రాణంలేని కప్పతో అదే పని జరుగుతుంటే బతికున్నదాన్ని గుచ్చాల్సిన అవసరమేముంది?

ప్రాణంలేని ఎర ఆలోచన చాలా పాతది. క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటి రోమన్ రచయిత ఏలియన్ మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. వాళ్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు రెండు కట్టి నీటి మీద వదిలేవారట. నిజం ఈగను గుచ్చితే అది నలిగిపోతుంది, అందుకని ఈగలాంటిదాన్ని కట్టారు. మన దక్కన్‌లో 1130 ప్రాంతంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి పేరిట వెలువడిన ‘మానసోల్లాస’లో ‘మత్స్యవినోదం’ అనే భాగమే ఉంది. రాజు సరదాగా గాలం వేయడానికి కర్ర ఎలా ఉండాలి, తాడు ఎలా పేనాలి, ఏ చేపకు ఏ ఎర పెట్టాలి అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఎరల్లో తినే పదార్థాలదే పెద్దపీట. చేపను వాసనతోనూ రుచితోనూ పిలవడమే అక్కడి పద్ధతి.

విశాఖ చేపలు అచ్చుపుస్తకంలోకి ఎక్కింది 1803లో. 1780ల్లో ఇక్కడ ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలూ బొమ్మలూ రెండు సంపుటాలుగా లండన్‌లో వేయించాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. చేపల తెలుగు పేర్లను కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టడం ఆయన చేసిన గొప్ప మేలు. మరో ఏడు దశాబ్దాలకు, 1873లో, మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. 1887లో ఒక్క చెరువుల గాలం మీదే ఇంకో పుస్తకం తెచ్చాడు. దక్షిణాది చెరువుగట్టు మీది వేట ఒక పుస్తకానికి సరిపడే విద్య అని అప్పుడే ఒకరికి తోచిందన్నమాట.

ఆ సమయానికి సముద్రాల అవతల లూరు రూపం మారిపోతోంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు జూలియో బ్యూల్ పడవలో అన్నం తింటుంటే చెంచా జారి సరస్సులో పడిందనీ, మెరుస్తూ ఊగుతూ దిగుతున్న దాని మీదికి పెద్ద చేప ఒకటి దూసుకొచ్చిందనీ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1852లో ఆయన తీసుకున్న పేటెంటు మాత్రం నిజం. కాడ తీసేసి గాలం బిగించిన చెంచా అది. ఇవాళ్టికీ దాని పేరు స్పూనే. చేపలా లేదు, కప్పలా లేదు, దేనిలానూ లేదు. ఊగుతుంది, మెరుస్తుంది, అంతే. లూరు చరిత్ర మొత్తానికి మలుపు ఇదేనని నా నమ్మకం. వేటచేప కొట్టేది ఆకారాన్ని చూసి కాదు, నడకను చూసి అని తేల్చింది ఈ చెంచాయే.

చెక్క లూరు మిచిగన్‌లో డౌజియాక్ అనే ఊళ్లో పుట్టింది. జేమ్స్ హెడన్ వృత్తి తేనెటీగల పెంపకం. స్నేహితుడి కోసం మిల్లు చెరువు దగ్గర ఎదురుచూస్తూ చెక్కముక్క చెక్కి నీళ్లలోకి విసిరితే బాస్ కొట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1890ల చివర్లో ఆయన చేత్తో చెక్కిన తొలి లూర్లలో కప్ప బొమ్మలు ఉన్నాయి. మన చెరువుగట్ల మీద వెదురుతో కప్పను ఆడిస్తుంటే అక్కడొకాయన చెక్కతో అదే కప్పను చేశాడు. ఇద్దరికీ పాఠం చెప్పింది చేపే. చెక్క లూర్లు ఎంత పెరిగాయంటే, 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే రైతుబిడ్డ 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను అలాంటి లూరుతోనే పట్టాడు. ఆ పూట అతని దగ్గర ఉన్న లూరు ఆ ఒక్కటేనని అంటారు. ఆ రికార్డుకు సమానంగా నిలిచే చేప జపాన్‌లోని బివా సరస్సులో పడింది, 2009లో. అదీ బతికున్న ఎరకు.

1936లో ఫిన్లాండ్‌లో లారీ రాపాలా చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టం. కడుపు కోసం చేపలు పట్టే పేదవాడు. వరసగాలాలకు రోజూ చిన్నచేపల్ని గుచ్చీ గుచ్చీ విసిగాడు. పడవలోంచి నీళ్లలోకి చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. వేటచేప గుంపంతటి మీదా పడదు. ఆ గుంపులో దెబ్బ తగిలి, ఒక పక్కకు ఒరిగి ఈదుతున్న ఒక్కదాన్నే ఏరి కొడుతుంది. చెప్పులు కుట్టేవాళ్ల కత్తి తీసుకుని బెరడును చెక్కాడు. మెరుపు కోసం రేకుకాగితం చుట్టాడు. రంగుపూతకు డబ్బుల్లేక పాత ఫోటో నెగెటివ్‌లను కరిగించి పైన పూశాడు. లాగితే సరిగ్గా ఆ గాయపడిన చేపలా ఒరుగుతూ కదిలేదాకా ఒక్కోదాన్నీ సరిచేశాడు. 1962 ఆగస్టులో మార్లిన్ మన్రో ముఖచిత్రంతో వచ్చిన ‘లైఫ్’ పత్రికలోనే ఈ లూరు గురించీ పడింది. ఆ సంచిక లక్షల చేతుల్లోకి వెళ్లడంతో ఆ ఇంటి పేరు ప్రపంచమంతా పాకింది.

మెత్తని లూరు వంటింట్లో పుట్టింది. ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ 1949లో వినైల్ కరిగించి వానపాము అచ్చుల్లో పోశాడు. కొరికితే రాయిలా కాక మాంసంలా తగిలింది, చేప వెంటనే ఉమ్మేయలేదు. గాలం వేసేవాడికి ఆ రెండు క్షణాలే చాలు. 1957లో హ్యారీ ఎహ్లర్స్ బోలు కప్పను అమ్మకానికి తెచ్చాడు. కొక్కేలు దాని వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి నాచు మీదుగా జారిపోతుంది, చేప నొక్కితేనే బయటికొస్తాయి. మన కొర్రమీను వేటగాళ్ల చేతిలో ఇవాళ ఎక్కువగా కనిపించే రబ్బరు కప్ప దీని సంతతే. 1970ల్లో మెత్తని ఎరలకు వంకీ తోకలు వచ్చాయి. తర్వాత తోక చివర చిన్న బిళ్ల ఉన్న చేపబొమ్మలు వచ్చాయి.

నా ఓటు ఈ చివరిదానికే. అరచేతిలో పెట్టుకుని చూడండి. ఒళ్లు లావుగా ఉంటుంది, తోక దగ్గరికి వచ్చేసరికి సన్నబడి, చివర బిళ్ల అడ్డంగా నిలబడుతుంది. ఆ సన్నని చోటే అసలు కీలకం. నీళ్లు బిళ్లను తోస్తే అక్కడ వంగి, తోక అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఎంత మెల్లగా లాగినా ఆ కొట్టుడు ఆగదు. చేప ఒంటి పక్కన తలనుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది, నీటి అదురు దానికి అందుతుంది. వానల తర్వాత గెడ్డ నీళ్లు ఎర్రగా తిరిగినప్పుడు కళ్లకు కనిపించనిది ఈ గీతకు తెలుస్తుంది. స్పూను మెరుపు అక్కడ వృథా, తోక కొట్టుడు వృథా కాదు.

నాలుగు అంగుళాల సైజు తీసుకోండి. పండుగప్ప తన పొడవులో సగానికి మించిన చేపను కూడా మింగగలదు. పెంపకం చెరువుల్లో పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని తినేస్తాయనే రైతులు వాటిని సైజుల వారీగా వేరుచేస్తుంటారు. కాబట్టి నాలుగు అంగుళాలు ఎక్కువేం కాదు. కొర్రమీను కూడా దాన్ని వదలదు. ఉప్పునీటి వైపు వెళ్తే సీసపు తల ఉన్న గాలానికి గుచ్చండి. అడుగుకు దిగనిచ్చి, కర్ర కొన లేపి, మళ్లీ వదలండి. దిగేటప్పుడే పండుగప్ప ఎక్కువగా అందుకుంటుంది. చెరువు వైపు వస్తే సీసం తీసేసి, వంకర గాలం మొనను రబ్బరు ఒంట్లోకే దాచి, తామరాకుల పక్కగా పైపైన లాక్కురండి. చెక్క లూరుకు ఈ వీలు లేదు. దాని మూడు కొక్కేల గుత్తి గుర్రపుడెక్కలో మొదటి విసురుకే చిక్కుకుంటుంది. రబ్బరు కప్ప నాచు మీద తిరుగులేనిదే, కాని రేవు రాళ్ల పక్కన లోతు నీళ్లలో తేలుతూ ఉండిపోతుంది. రంగు గురించి అంత తలకెక్కించుకోవద్దు. నీళ్లు తేటగా ఉంటే వెండి, బురదగా ఉంటే నలుపు చాలు.

దీనికీ లోపం ఉంది. కొర్రమీను పళ్లకు ఒళ్లు చిరుగుతుంది, రెండు మూడు చేపలకే తోక తెగిపోతుంది. తెగిన ముక్కను గట్టు మీద పారేయకండి. పశువులు మేసే చోటు, అది ప్లాస్టిక్కు. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.

వానాకాలంలో ఇంకో మాట కూడా. గట్టు వారగా ఎర్రటి పిల్లల గుంపు నీటి పైకి వచ్చి ఊపిరి పీల్చి మునిగిపోతుంటే, దాని కిందే తల్లీతండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. ఆ గుంపు మీద ఏది పడినా అవి కొడతాయి, ఆకలితో కాదు, పిల్లల కోసం. ఆ కొర్రమీనును తీసుకెళ్తే గుంపంతా మిగతా చేపలకు మేత అయిపోతుంది. చెరువు సొసైటీ వాళ్ల దగ్గర అనుమతి తీసుకున్నా సరే, అక్కడ లూరు విసరకుండా ఇంకో గట్టుకు నడవాలి. కొర్రమీను కూన సొంతంగా వేటాడే సైజుకు రావడానికి ఎన్నో వారాలు పట్టవు. అప్పటిదాకా దిగువన పోటు మొదలయ్యే వేళ చూసుకుని, సీసపు తల బిగించుకుని పండుగప్ప కోసం వెళ్లొచ్చు.