కాలయంత్రంలో కాశీమజిలీ: ‘ఆదిత్య 369’ రాయల ఘట్టం, పడమటి చిత్తూరు ప్రేక్షక సంస్కారం

వైజ్ఞానిక కల్పన మధ్యలో అద్భుత కథ తలుపు తెరుచుకుంటే, ఆ కల్పనను అభిమానించేవారు దానిని ఎట్లా స్వీకరిస్తారు? పాశ్చాత్య టెలివిజన్ చరిత్రలో ఇది పాత ప్రశ్నే. 1963లో మొదలైన బ్రిటిష్ ధారావాహిక ‘డాక్టర్ హూ’ 1968లో ‘ద మైండ్ రాబర్’ అనే కథలో తన కాలయాత్రికులను కల్పనాలోకానికి తీసుకుపోయి గలివర్‌ను, రాపుంజెల్‌ను, ఒంటికొమ్ము గుర్రాన్ని వారి ఎదుట నిలిపింది. అంతవరకు యంత్రాలకు, గ్రహాంతరవాసులకు అలవాటుపడిన ప్రేక్షకునికి ఇది ప్రక్రియా నియమాన్ని ఉల్లంఘించడమా, విస్తరించడమా అన్న సందేహం కలగడం సహజం. బి.బి.సి.కి 1936 నుంచే శ్రోతల అభిప్రాయాలను సేకరించే విభాగం ఉంది. తరువాత ప్రేక్షకుల అభిప్రాయ సేకరణా దాని పనిలో భాగమైంది. అందువల్ల అక్కడి పరిశోధకునికి ఆనాటి స్పందన కాగితం మీదనే లభిస్తుంది. మదనపల్లెలోనో పుంగనూరులోనో నేల టికెట్టు కొని సినిమా చూసినవారి స్పందనను మాత్రం మరొక విధంగా వెదకవలసి ఉంటుంది. వారికి ఆ కథను అందుకోవడానికి ముందే ఏర్పడి ఉన్న సంస్కారమేమిటో గుర్తించడం ఆ వెదుకులాటలో మొదటి మెట్టు.

ఈ ప్రశ్నకు తెలుగులో అత్యంత సన్నిహితమైన ఉదాహరణ 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం. పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ ఛాయాగ్రాహకులుగా పనిచేశారు. కథానాయకుడు కృష్ణకుమార్‌గానూ, శ్రీకృష్ణదేవరాయలుగానూ బాలకృష్ణ కనిపిస్తారు. కాలయంత్రం మొదట 1526కు, తరువాత 2504కు ప్రయాణిస్తుంది. చిత్రానికి ప్రేరణ హెచ్.జి.వెల్స్ 1895లో ప్రచురించిన ‘ద టైమ్ మెషీన్’. అదే సంవత్సరం మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించారు. కాలమనే భావనను జీవితకాలమంతా ప్రశ్నించిన తత్త్వవేత్త ఆయన. ఈ పొంతన కాకతాళీయమే.

అయితే వెల్స్ నవలకూ ఈ చిత్రానికీ ఉన్న భేదం కాకతాళీయం కాదు. వెల్స్ యాత్రికుడు పోయేది భవిష్యత్తులోకి, 802701వ సంవత్సరానికి. తెలుగు కాలయంత్రం ముందుగా రాజసభలో దిగుతుంది. ఈ విషయంలో ఈ చిత్రానికి వెల్స్ కంటె, ఆర్థర్ రాజు ఆస్థానానికి ఒక అమెరికన్‌ను పంపిన మార్క్ ట్వైన్ 1889 నాటి నవల దగ్గర. కాని ట్వైన్ గతాన్ని ఎగతాళి చేశాడు. సింగీతం గతాన్ని గౌరవించి, ఎగతాళిని వర్తమానం నుంచి వెంట వచ్చిన పోలీసు పాత్రకు (సుత్తివేలు) అప్పగించారు. భవిష్యత్తు భూగర్భంలో తలదాచుకున్న లోకం. గతం మాత్రం వెలుగు నిండిన సభామండపం. చిత్రం పేరెత్తగానే తెనాలి రామకృష్ణుడు (చంద్రమోహన్), రాయలు, సభ ముందుగా స్ఫురించడం, 2504 వెనుకబడడం ఈ నిర్మాణ ఫలితమే.

మణి, పేటిక, యంత్రం

వైజ్ఞానిక కల్పనా సిద్ధాంతంలో డార్కో సువిన్ 1979లో ప్రకటించిన ప్రతిపాదన ప్రసిద్ధం. హేతుబద్ధమైన అపరిచితీకరణ ఆ ప్రక్రియకు ప్రాణమనీ, అద్భుత కథ దాని పరిధిలోకి రాదనీ ఆయన వాదం. ఎగిరే తివాచీ భూమ్యాకర్షణ నియమాన్ని తప్పించుకుంటుందే తప్ప దానితో తర్కించదు. ఈ కొలబద్దతో చూస్తే 1526 ఘట్టం చిత్రానికి బలహీనతగా తేలుతుంది. తెలుగు ప్రేక్షకుని వైపు నుంచి చూస్తే అది ప్రవేశద్వారం. ఇక్కడ కాలయంత్రం అపరిచితంగా వచ్చి పరిచితంగా స్థిరపడింది.

దీనికి నేపథ్యం సుదీర్ఘమైనది. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రచించిన కాశీమజిలీ కథల చట్రాన్ని గమనించవచ్చు. గోపకుడైన శిష్యునితో మణిసిద్ధుడు కాశీకి నడుస్తాడు. ప్రతి మజిలీలోనూ శిష్యుడు తాను చూచిన వింతను గురించి అడుగుతాడు. గురువు మణి మహిమచేత గతవృత్తాంతాన్ని గ్రహించి చెబుతాడు. కథన ధర్మాన్ని బట్టి ఆ మణి చేసే పని కాలయంత్రం చేసే పనే. వర్తమానంలో ఒక వింత, దాని మూలాన్ని వెదుకుతూ గతానికి ప్రయాణం, మరల దారి పట్టడం. ‘ఆదిత్య 369’లో కూడా కథను గతానికి కట్టిపడవేసే వస్తువు రాయల కాలపు వజ్రం కావడం ఇక్కడ గుర్తించదగినది.

కాశీమజిలీ కథ ఆధారంగా 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’, 1957లో వచ్చిన ‘మాయాబజార్’ రెండింటికీ దర్శకులు కె.వి.రెడ్డి. ‘మాయాబజార్’కు ఆయన దగ్గర సహాయకునిగా పనిచేసినవారు సింగీతం. ఆ చిత్రంలోని ప్రియదర్శిని పేటిక తెరిచినవారికి ప్రియమైనదానిని చూపుతుంది. నేటి ప్రేక్షకులు దానిని చూచి ల్యాప్‌టాప్ అనీ, వీడియో కాల్ అనీ ముచ్చటించుకోవడం సర్వసాధారణం. పౌరాణిక వస్తువును యంత్రంగా చదువుకునే ఈ అలవాటూ, యంత్రాన్ని మాయపేటికగా చదువుకునే అలవాటూ ఒకే నాణేనికి రెండు ముఖాలు. ఆ రెండు ముఖాల మధ్య 34 సంవత్సరాల దూరాన్ని కలిపిన వ్యక్తి ఒక్కరే కావడం విశేషం. 1994లో అదే దర్శకుడు అదే నటునితో ‘భైరవద్వీపం’ తీశారు. అది యంత్రం లేని శుద్ధ జానపదం. నిర్మాణ సంస్థ చందమామ విజయా కంబైన్స్.

రాయలు మూడు భాషల్లో

పడమటి చిత్తూరు ప్రాంతానికి ఈ ఘట్టంతో ప్రత్యేక సంబంధం ఉంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుంచి, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి చేరాయి. కుప్పం తెలుగు, కన్నడ, తమిళ సీమల కూడలి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఆ చోటు ఎంపిక కావడానికి కారణం కూడా అదే. ఇక్కడి ప్రేక్షకునికి రాయలు ఒక భాషకు మాత్రమే చెందినవాడు కాడు. తెనాలి రామకృష్ణుడు తమిళుల నోట తెనాలి రామన్ అవుతాడు, కన్నడంలోనూ అంతే చనువుగా నవ్విస్తాడు. బి.ఎస్.రంగా 1956లో ఆయన కథను తెలుగు, తమిళాలు రెండింటిలోనూ చిత్రించారు. తెలుగు చిత్రంలో రాయలు ఎన్.టి.రామారావు. 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’లోనూ ఆయనే రాయలు. 1970లో రాజ్‌కుమార్ రాయలుగా కన్నడంలో ‘శ్రీకృష్ణదేవరాయ’ వెలువడింది. దాని దర్శకులు బి.ఆర్.పంతులు కుప్పం ప్రాంతంలో పుట్టినవారు. ‘ఆదిత్య 369’ కూడా తమిళంలో ‘అపూర్వ శక్తి 369’గా అనువాదమైంది.

అందువల్ల 1991లో తెరపై రాయలు కనిపించినప్పుడు అభిమాని ఏకకాలంలో మూడు స్థాయుల్లో గుర్తుపట్టగలిగాడు: చరిత్రలోని రాజు, తండ్రి ధరించిన పాత్ర, దానిని ధరించిన కుమారుడు. నాలుగవ స్థాయి ఈ ప్రాంతానికి మరింత సన్నిహితం. కృష్ణదేవరాయలు తిరుమలకు ఏడు పర్యాయాలు వచ్చినట్లు శాసనాలు చెబుతున్నాయి. తిరుమలదేవి, చిన్నాదేవుల సహితంగా చేతులు జోడించి నిలిచిన ఆయన లోహప్రతిమ ఆలయంలో ఉంది. పక్క జిల్లాల నుంచి కొండకు నడిచివచ్చే యాత్రికునికి రాయలు పుస్తకంలోని పేరు మాత్రమే కాదు, దర్శనం దారిలో ఎదురయ్యే మూర్తి. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభల్లో ఆమోదం పొందినదే అయినా, రత్నాలు రాశులు పోసి అమ్మిన కాలమనే నానుడి జనం నోట అంతకంటె లోతుగా నాటుకుంది. కరవు నేల మీద కూర్చుని ఆ రాశులను తలచుకోవడంలోని బాధను సినిమా విమర్శ పట్టించుకున్నది తక్కువ. ఆ నేలకు రాయల ఘట్టం వినోదంతో పాటు పోగొట్టుకున్నదాని జాబితా కూడా.

ఆ చిత్రానికి దూరదర్శన్‌లో చిరంజీవి, విజయశాంతి ప్రచారం చేయడం అభిమాన సంస్కృతి చరిత్రలో అరుదైన సంఘటన. తారాభిమానం గిరిగీసుకున్న రోజుల్లో పోటీ కథానాయకుడు మరొకరి చిత్రాన్ని చూడమని చెప్పగలిగాడంటే, ఆ చిత్రాన్ని ఒక వర్గం సొత్తుగా కాక ఇంటిల్లిపాదీ వినవలసిన కథగా భావించారని గ్రహించవచ్చు.

భారతం మిట్ట

ఈ మూడు ఊళ్ళ చుట్టూ ప్రేక్షకత్వం సినిమాకు ముందే ఎట్లా రూపొందిందో తెలియడానికి వేసవిలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే భారత ఉత్సవాలను పరిశీలించాలి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. సాధారణంగా 18 రోజుల పాటు సాగే ఈ ఉత్సవాల్లో ప్రేక్షకునికీ పాత్రకూ మధ్య గీత తరచు చెరిగిపోతుంది. బకాసుర వధ నాడు భీముని వేషధారి అన్నపు బండి మీద వీధుల వెంట వస్తాడు. ఇంటింటివారూ తమ ఆహారాన్ని ఆ బండికి అందిస్తారు. ఆ పూటకు ఆ వీధి ఏకచక్రపురం. అర్జున తపస్సు నాడు వేషధారి ఎత్తయిన తపోమానును పాడుకుంటూ ఎక్కుతాడు. సంతానం కోరే స్త్రీలు దాని చుట్టూ సాగిలపడి, పైనుంచి ఆయన విసిరే పండ్లకోసం, విభూతికోసం ఎదురుచూస్తారు. చివరి నాడు బయలులో మట్టితో మలచిన మహాకాయ దుర్యోధనుడు నేలకొరుగుతాడు. ఆ మట్టిని పిడికెడు తీసుకుని ఇంటికి పోవడం ఆచారం.

ఇది నటనను చూడడమా, కాలంలో ప్రయాణించడమా అన్న భేదం ఆ మిట్ట మీద నిలబడినవారికి అవసరం లేదు. ద్వాపరయుగానికి ఏటా ఒకసారి పోయివచ్చే సమాజానికి 1526 దూరపు ఊరు కాదు.

భరతుడు నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ప్రయోగ సిద్ధిని ప్రేక్షకుల ప్రతిస్పందనతోనే కొలిచాడు. మానుషీ సిద్ధి వాచికంగానూ, శారీరంగానూ వ్యక్తమవుతుంది. చిరునవ్వు, అట్టహాసం, ‘సాధు’, ‘అహో’, ‘కష్టం’ అనే పలుకులు ఒక తరగతి. పులకింత, లేచి నిలబడడం, వస్త్రాలు విసరడం మరొక తరగతి. సినిమాహాలులో ఈలలు, కాగితపు ముక్కలు విసరడాలు ఈ రెండవ తరగతికి వారసులని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. భరతుడు దైవీ సిద్ధిని వేరుగా చెప్పాడు: రంగస్థలం నిండుగా ఉండి, శబ్దమూ క్షోభా లేని స్థితి. తపోమాను కింద అర్ధరాత్రి నిలిచే నిశ్శబ్దం ఆ కోవలోనిది. తారాభిమానాన్ని కేకలతోనే గుర్తించే అధ్యయనాలు ఈ రెండవదానిని లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద లోపం.

ఈ సంస్కారం తరువాతి కాలంలో వివాదంగా బయటపడింది. 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ దర్శకత్వంలో విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ భవిష్యత్ నగరాన్ని కురుక్షేత్ర ఘట్టంతో ముడివేసింది. ఆ చిత్రానికి సింగీతం మార్గదర్శకులు. విడుదలైన వెంటనే అభిమానుల మధ్య చెలరేగిన వాదంలో ఎగిరే వాహనాల శాస్త్రీయతకు దక్కిన చోటు స్వల్పం. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అన్నదే వారి తగవు. వైజ్ఞానిక చిత్రానికి పురాణ ప్రమాణాన్ని వర్తింపజేయడం అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. క్షేమేంద్రుని మాటలో చెప్పాలంటే వారు అడిగినది ఔచిత్యం. ఫలానా పాత్ర ఫలానా విధంగా ప్రవర్తించడం ఉచితమా అని. యంత్రం ఎట్లా పనిచేస్తుందన్న ప్రశ్నకు వారు సడలింపు ఇచ్చారు, ధర్మం ఎట్లా పనిచేస్తుందన్న ప్రశ్నకు ఇవ్వలేదు.

కర్ణుని పట్ల ఆ సానుభూతికి దక్షిణాదిలో సినిమా మూలం 1964 నాటి తమిళ ‘కర్ణన్’. శివాజీ గణేశన్ కర్ణుడు, రామారావు కృష్ణుడు. దర్శకులు పైన పేర్కొన్న పంతులే. అర్జునుడు తపోమాను ఎక్కే సీమలో పుట్టినవారు కర్ణుని పక్షాన నిలిచే చిత్రాన్ని తీయడం, 60 ఏళ్ళ తరువాత అదే తగవు అణుయుగానంతర నగరం నేపథ్యంగా మరల రావడం, ప్రతిస్పందన చరిత్రను విడుదల తేదీలతో గీసే పటంలో ఇమడని విషయాలు.

2025 ఏప్రిల్ 4న ‘ఆదిత్య 369’ను 4కె రూపంలో తిరిగి విడుదల చేశారు. 1991లో బాలలుగా చూచినవారికి ఇప్పుడు తమ పిల్లల పక్కన కూర్చుని చూసే వీలు కలిగింది. వారికి 1526తో పాటు 1991 కూడా తెరమీది గతకాలమే.