జెర్సీ మారితే ఏం మారింది?

క్లబ్బులు తమ రెండో జెర్సీని ఏటేటా మార్చడం అవసరమా, ఒట్టి వ్యాపారమా అని మన తమ్ముళ్ల మధ్య వాదన నడుస్తోంది. మేము చదివిన ఒక చరిత్ర చెప్తాం, చూడండి.

రెండో జెర్సీ పుట్టింది అవసరం కోసమే. రెండు జట్ల రంగూ ఒకటే అయితే ఎవరు ఎవరో తెలీదు కదా. ఆ రంగు తప్పితే ఎంత తంటానో 1996లో మాంచెస్టర్ యునైటెడ్‌కి తెలిసింది. సౌతాంప్టన్ మీద బూడిద రంగు చొక్కాల్లో దిగి, మొదటి సగంలోనే 3 గోల్స్ తిన్నారు. తోటివాళ్లే కనబడటం లేదని విరామంలో చొక్కాలు మార్చేశారు! అయినా 3-1తో ఓడారు. తర్వాత్తర్వాత అవసరం పక్కకు పోయి అమ్మకం ముందుకొచ్చింది. పెద్ద క్లబ్బులు ఇప్పుడు ఏటా కొత్తది తెస్తున్నాయి, అభిమాని జేబు ఖాళీ. ఇంతవరకూ మాకూ నచ్చదు.

కానీ ఆస్ట్రేలియా సంగతి వేరు. అక్కడ డగ్ నికోల్స్ అనే ఆదివాసీ యువకుడు 1927లో కార్ల్‌టన్ క్లబ్బులో చేరబోతే, ఒంటి వాసన అని తోటి ఆటగాళ్లు ఈసడించారు. తర్వాత ఫిట్జ్‌రాయ్ తరఫున ఆడాడు. 1976లో దక్షిణ ఆస్ట్రేలియాకి గవర్నర్ అయ్యాడు! 1993 ఏప్రిల్ 17న విక్టోరియా పార్కులో నిక్కీ విన్మార్, ప్రేక్షకులు జాతి పేరుతో తిడుతుంటే, జెర్సీ పైకెత్తి తన నల్లటి చర్మం వైపు వేలు చూపించాడు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. జాతి దూషణకు శిక్ష అన్న నియమం 1995లో వచ్చింది. జెర్సీ ఎత్తి చర్మం చూపించాల్సి వచ్చిన ఆటలోనే, 2014లో 18 క్లబ్బులూ ఆదివాసీ చిత్రాలున్న జెర్సీలు వేసుకున్నాయి. నికోల్స్ పేరుతో జరిగే ఆ రౌండుకి ఏటా డిజైన్ మారుతుంది. చాలాసార్లు గీసేది ఆటగాళ్లో, వాళ్ల బంధువులో. ఏ నది, ఏ పూర్వీకులు, ఏ జంతువు అని కథ కూడా చెప్తారు. ఒకే జెర్సీ పదేళ్లు ఉంచితే ఒక తెగ కథే వినబడేది. అందుకే ఇక్కడ మార్పుకే మా ఓటు.

అయితే ఇక్కడా డబ్బు మెలిక ఉంది. ఆదివాసీ జెండాని హెరాల్డ్ థామస్ 1971లో తయారుచేశాడు. హక్కు ఆయనదే అని 1997లో కోర్టు తేల్చింది. 2018లో దుస్తుల మీద ఆ జెండా వేసుకునే హక్కు ఒక ప్రైవేటు కంపెనీ చేతికి పోయింది, అది ఆదివాసీలది కాదు. 2020లో లీగ్ వాళ్లు రుసుము కట్టి జెండా వాడటం కంటే మానేయడమే నయమనుకున్నారు. తమ రౌండులోనే తమ జెండా లేదు! పెద్ద ఉద్యమం నడిచింది. చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం 2 కోట్ల డాలర్ల పైచిలుకు ఇచ్చి ఆ హక్కు కొని, జెండాని అందరికీ విడిచిపెట్టింది.

రేపు మన టోర్నమెంట్ జెర్సీ మీద సవర బొమ్మో, గోండు బొమ్మో వేద్దాం అంటున్నవాళ్లు ఒక్క సంగతి ముందే తేల్చండి. గీసిన అక్క పేరు, ఊరు జెర్సీ మీద ఉంటాయా? అమ్మితే ఆమెకి ఎంత? రెండో ఏడు మార్చేటప్పుడు ఎవర్ని అడుగుతాం?