బండిదారి మజిలీలు: హోసూరు, కృష్ణగిరి సీమల ప్రయాణ చరిత్ర

హోసూరు నుండి కృష్ణగిరికి నేడు మోటారులో గంటసేపటి ప్రయాణము. రాగులో, చింతపండో వేసికొని ఎద్దుబండిపై పోవువారికి నాడది రెండు రాత్రుల పయనము. మా తాతగారు క్రొత్తగా బండి చేయించి ఆ దారిని మొదటిసారి బాడుగకు పోయినప్పుడు జరిగిన సంగతి మా ఇంట తరచు చెప్పుకొనెడివారు. బండి కార్తికమున తయారయ్యెను. కలప పూర్తిగా ఆరలేదని వడ్రంగి హెచ్చరించెను. అయినను పొరుగువారి బండ్లు బాడుగలకు కదలుచుండగా ఆయన మనసు నిలువలేదు. చైత్రము వచ్చుసరికి ఎండకు చక్రపు పూటీలు కుదించుకొనిపోయెను. శూలగిరి దాటి మేలుమలై కనుమ దిగుచుండగా కుడి చక్రపు ఇనుప పట్టా ఊడి, తానొక్కటే కొంతదూరము దొరలిపోయి పొదలలో పడెను. వెనుక వచ్చుచున్న బండ్లవారు నవ్విరి; నవ్వుచునే బండ్లాపి దిగిరి. పట్టాను వెదకి తెచ్చి, దానికిని పూటీలకును నడుమ కొయ్యపేళ్ళు, గోనెపీలికలు దిగగొట్టి, బండిని మెల్లగా దగ్గరి చెరువునకు నడిపించిరి. వేసవి గనుక చెరువులో మోకాటిలోతు నీరే యుండెను. చక్రము పూర్తిగా మునుగదు. కావున దానిని కొంచెము కొంచెముగా త్రిప్పుచు తాతగారు రాత్రియంతయు ఆ నీటిలోనే నిలిచిరి. “బండి చేయించిననాడు గాదు, ఆ రాత్రి నేను బండివాడనైతిని” అని ఆయన చెప్పెడివారు.

ఈ కథ మా కుటుంబమున కొక్కదానికే చెందినది కాదు. క్రొత్తగా బండి కొన్న ప్రతివానికిని రెండు ప్రశ్నలు తప్పవు. మొదట చెడునది ఏది? ఏ ఋతువున, ఏ తావున విడిది చేయవలెను? ఈ రెండు ప్రశ్నలే ఒకప్పుడు ఈ సీమ పరిపాలనను కూడ నిర్ణయించినవని చరిత్ర చెప్పుచున్నది. కోటల కథలు పుస్తకముల కెక్కినవి గాని, ఆ కోటలకు ధాన్యము మోసిన బండ్లను, ఎడ్లను గూర్చి మనము తలచుట అరుదు. కావున ఈ వ్యాసమున ఆ విషయమును కొంత ముచ్చటింతము.

మొదట దేశస్వరూపమును గమనింపవలెను. పూర్వపు సేలము జిల్లాను బాలాఘాటు, బారామహలు, తలాఘాటు అని మూడు భాగములుగా చెప్పెడివారు. మైసూరు పీఠభూమి అంచున సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న హోసూరు సీమ బాలాఘాటు. కనుమలు దిగిన పిదప వచ్చునది కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతములతో కూడిన బారామహలు. తెలుగు, తమిళము, కన్నడము మూడును కలిసి వినవచ్చు సీమ యిది. పైసీమ చల్లన, క్రిందిసీమ వేడి. ఒకే ప్రయాణములో బండివాడు రెండు వాతావరణములను దాటవలసియుండెను. హోసూరు చలిలో బిగువుగా నున్న చక్రము కృష్ణగిరి ఎండలో వదులగుట అందువలననే.

ఇక బండి సంగతి. నడుమ కుండ, దానినుండి వెలువడు పన్నెండు ఆకులు, వాటి కొనలను పట్టియుంచు ఆరు పూటీలు, వాని చుట్టును ఇనుప పట్టా: ఇది మన నాటుబండి చక్రము. ఒక్కొక్క పూటీకి రెండేసి ఆకులు. రెండు చక్రములను కలుపునది ఇరుసు. చక్రము జారకుండ దాని కొనను నిలుచునది శీల. ముందునకు సాగు నొగలు, వాని కొనను కాడి. క్రొత్త బండికి మొదటి సంవత్సరమే పరీక్షాకాలము. కలప ఆరినకొలది కీళ్ళు వదులగును; క్రొత్త త్రాళ్ళు సాగి కట్లు జారును. తెలిసినవారు మొదటి మాసమున దూరపు బాడుగలకు పోక, ఊరిలోనే ఎరువు తోలుకొనుచు బండి గుణమును తెలిసికొనెడివారు. ప్రతి మజిలీలోను శీలను తాకి చూచుట, త్రాళ్ళు బిగించుట, ఇరుసునకు కందెన వేయుట అను మూడు పనులును అన్నము వండుకొనుటకు ముందే జరుగవలెను. ఆముదములో గడ్డి మసి కలిపి కందెన చేసి, వెదురుగొట్టములో నింపి బండిక్రింద వ్రేలాడగట్టెడివారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమను సామెత మనకు తెలిసినదే. ఆ సంగీతమే ఇరుసు అరిగిపోవుచున్నదనుటకు మొదటి గురుతు.

పట్టా వదులైనచో నీటిలో నానబెట్టుట కొన్ని దినముల ఉపాయము మాత్రమే. కొయ్య ఉబ్బి పట్టాను బిగించును. మరల ఆరినంతనే మొదటి స్థితికి వచ్చును. శాశ్వతముగా బాగుపడవలెనన్న కమ్మరి కొలిమికి పోవలసినదే. అతడు పట్టాను కొంచెము కోసి, మరల అతికి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి చక్రమునకు తొడిగి వెంటనే నీరు పోయును. ఇనుము చల్లారి ముడుచుకొనుచు ఆకులను, పూటీలను ఒక్కటిగా బిగించును. వడ్రంగి, కమ్మరి ఇరువురును ఒకేసారి దొరకు గ్రామమును మజిలీగా ఎన్నుకొనుట అనుభవజ్ఞుల లక్షణము.

బండి కంటె ముఖ్యమైనవి ఎడ్లు. బరువు ముందునకు మొగ్గినచో కాడి మెడను నలుపును. వెనుకకు మొగ్గినచో కాడి పైకిలేచి పలుపు గొంతును బిగించును. క్రొత్తవాని బండికి కట్టిన ఎడ్ల మెడలు పుండ్లుపడుట ఈ తూకము తెలియకనే. ఱాతిదారికి గిట్టలకు లాడములు కొట్టించవలెను. కనుమ దిగునప్పుడు వెనుక దుంగ నొకదానిని కట్టి ఈడ్చుకొనిపోవుటయే ఆనాటి బ్రేకు.

ఇక ఋతువులు, విడుదులు. చైత్ర వైశాఖములలో పగలు చెట్లనీడను విశ్రమించి, రాత్రి వెన్నెలలో బండి తోలెడివారు. అప్పుడు నీరున్న తావే మజిలీ. వైశాఖము చివర ఉరుముల వాన మొదలైనచో వాగు ఇసుకలో విడియుట ప్రాణాపాయము. పైన ఎక్కడనో కురిసిన వాన నడిరేయి వెల్లువయై వచ్చును. ఈ సీమకు రెండు ఋతుపవనముల వానలును కలవు. భాద్రపద ఆశ్వయుజములలో వర్షము మిక్కుటము. అప్పుడు దూరప్రయాణము మాని బండిని పాకలో నుంచి మరమ్మతు చేయించుకొనుట మేలు. తప్పనిసరియైనచో మెరకనేలపై, గాలివాటు చూచి విడియవలెను. పుష్య మాఘములు ప్రయాణమునకు ఉత్తమకాలము. దారులు ఆరియుండును, క్రొత్త గడ్డి దొరకును, పంటలు ఇంటికి వచ్చి బాడుగలు మెండుగా నుండును. కాని హోసూరు మంచు తక్కువది కాదు. ఎడ్లపై గోనెలు కప్పి నెగడు వేయకున్న తెల్లవారుసరికి అవి బిగిసికొనిపోవును. బండ్లను వలయముగా నిలిపి ఎడ్లను లోపల కట్టుట అన్ని ఋతువులకును చెల్లు నియమము.

ఈ నియమములను లెక్కింపని మహాసేన యొకటి చెల్లించిన మూల్యము చరిత్రలో కలదు. మూడవ మైసూరు యుద్ధమున గవర్నరు జనరలు కారన్‌వాలీసు 1791 మార్చిలో బెంగుళూరును పట్టుకొని, మే మొదట శ్రీరంగపట్టణము పైకి కదలెను. వానలు ముందుగా వచ్చెను. మేత లేదు. ఎడ్లకు రోగము తగిలి వేలకొలది చచ్చెను. మే 15న అరికెర వద్ద యుద్ధము గెలిచియు, ఫిరంగులను లాగుటకు ఎడ్లు లేక, కోటలను బద్దలుకొట్టు పెద్ద ఫిరంగులను తన చేతులతోనే పాడుచేసికొని అతడు ఆ మాసాంతమున వెనుదిరిగెను. టిప్పు సేనలు చేయలేని పనిని వాన చేసెను.

కారన్‌వాలీసు ఆ పాఠమును వ్యర్థపుచ్చలేదు. వానాకాలమున రాజధానిపైకి పోక, చెన్నపట్టణమునుండి సరకులు వచ్చు కనుమలను చేజిక్కించుకొన మొదలుపెట్టెను. 1791 జూలైలో హోసూరు, రాయకోట అతని వశమయ్యెను. ఆ దారిని ధాన్యపు ఎడ్లు, బండ్లు, ఏనుగులు పైసీమకు ఎక్కెను. నవంబరులో కృష్ణగిరి పేటపై దాడి జరిగినను కొండమీది కోట లొంగలేదు. సరకులు సమకూర్చుకొని, దారులు ఆరినపిదప 1792 ఫిబ్రవరిలో శ్రీరంగపట్టణముపై పడగా, మార్చిలో సంధి కుదిరెను. బారామహలు కుంపినీవారికి సంక్రమించెను. హోసూరు బాలాఘాటు మాత్రము 1799 వరకు మైసూరు క్రిందనే యుండెను. మన రెండు సీమల మధ్య ఆ ఏడేండ్ల ఎడము ఏర్పడుటకు వెనుక ఒక వానాకాలమును, చచ్చిన ఎడ్లును కలవు.

ఆ యుద్ధమున రెండు పక్షములకును ధాన్యము మోసినవారు బంజారాలు, మనము లంబాడీలనువారు. వారికి బండ్లు లేవు. పెరికె సంచులు మోయు ఎడ్లమందలే వారి సంపద. ఆలుబిడ్డలతో, కుక్కలతో తాండాయే కదలుచున్న గ్రామము. ఇల్లు వెంటబెట్టుకొని తిరుగుటను జీవనముగా చేసికొన్నవారు మన దేశమున వారికంటె గొప్పవారు లేరు. వారును వానాకాలమున తిరుగలేదు. గడ్డి, నీరు గల మెరకతావున తాండా నిలిపి, ఎడ్లకు బలము పట్టించి, గంతలు, సంచులు కుట్టుకొని, దారులు ఆరిన పిదపనే కదలెడివారు.

1792 తరువాత బారామహలు నేలలను కొలిచి శిస్తు నిర్ణయించుటకు కెప్టెన్ రీడు, అతని సహాయకుడు థామస్ మన్రో వచ్చిరి. ఏడేండ్లు మన్రో ఈ సీమలో పనిచేసెను. ఆ పని ఒకచోట కూర్చుండి జరుగునది కాదు. గ్రామ గ్రామమున డేరా వేసి రైతులతో మాటాడవలసినదే. ఇక్కడ అలవడిన డేరా జీవనమునే అతడు 1800 నుండి 1807 వరకు దత్తమండలములలోను సాగించెను. చెన్నపట్టణపు గవర్నరైన తరువాతను ఆ అలవాటు మానలేదు. 1827 జూలైలో దత్తమండలముల సంచారములో నుండగనే పత్తికొండ వద్ద కలరా సోకి మరణించెను. రాయలసీమ తెలుగువారు నేటికిని తలచుకొను ఆ అధికారి, డేరా విద్యను మన బారామహలులో నేర్చుకొనెననుట మనకు గర్వకారణము.

మన్రో మరణించిన మూడేండ్లకు తెలుగువాడొకడు అంతకుమించిన సంచారము చేసెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారముతో, డేరాలతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. మజిలీ మజిలీకి దారి ఎట్టిది, ఏమి దొరకునో అతడు వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయ్యెను. తరువాతి బాటసారికి తన అనుభవము ఉపయోగపడవలెననెడు సద్బుద్ధి ఆ గ్రంథమునకు ప్రాణము.

ఇట్టి జ్ఞానము మన దేశమునకే పరిమితము కాదు. 1840 ప్రాంతమున అమెరికాలో మిస్సోరీ నది నుండి ఆరెగాను సీమకు సుమారు 2,000 మైళ్ళు కప్పుబండ్లలో వలసపోయినవారు, గడ్డి మొలచువరకు వేచి వసంతమున బయలుదేరెడివారు. ఎండలకు చక్రములు వదులైనచో వారును నదిలో నానబెట్టిరి. మన కందెనగొట్టమువలె వారి బండిక్రిందను తారు, క్రొవ్వు కలిపిన బాల్చీ వ్రేలాడెను. 1846లో ఆలసించిన డానరు బృందము సియెర్రా నెవాడా మంచులో చిక్కగా అనేకులు ఆకలితో మరణించిరి. నేడు అదే దేశమున ఇల్లువంటి మోటారుబండ్లు కొని తిరుగు మన ప్రవాసాంధ్రులును మొదటి ఏట టైర్లను, ఇరుసు కందెనను, కప్పు అతుకులను చూచుకొనవలసినదే. చలికాలమునకు ముందు గొట్టములలోని నీటిని తీసివేయవలసినదే. సాధనములు మారినవి, ప్రశ్నలు మారలేదు.

మన దారులలో మార్పు క్రమముగా వచ్చెను. తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి 1905లో చిన్నరైలు వచ్చెను. మొరప్పూరు నుండి ధర్మపురికి 1906లో వేసిన దారి 1913లో హోసూరు చేరెను. తరువాతి కాలమున ఆ రైళ్ళు నిలిచిపోయెను. ఇనుప పట్టాల బదులు గాలిటైర్ల బండ్లు వచ్చెను. లారీలు వచ్చి దూరపు బాడుగలను తీసికొనెను. 1980 నుండి హోసూరే లారీలను, మోపెడ్లను చేసి దేశమునకు పంపుచున్నది. ఒకప్పుడు చక్రము బిగించుటకు కమ్మరికై వెదకిన దారిలో నేడు చక్రములే వేలుగా పుట్టుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే.

కాని ఒక నష్టము కూడ కలదు. హోసూరు దారిప్రక్కల ఫలహారశాలల వాకిట పాత బండిచక్రములను రంగువేసి నిలిపియుండుట మనము చూచుచున్నాము. పూటీ యేది, ఆకు ఏది యని మన పిల్లల నడిగినచో చెప్పగలవారు కొందరే. వస్తువు పోయినను పేరు నిలిచినచో చరిత్ర నిలుచును; పేరే పోయినచో మన తాతలు ఈ సీమలో బ్రదికిన తీరు మనకే తెలియకపోవును. తెలుగు బడులు తగ్గుచున్న ఈ పొలిమేర సీమలో ఈ భయము మరింత నిజము. కావున మన సంఘమువారు వచ్చు సంచిక వెలువడులోగా, బండి తోలినవారు, చక్రము చేసినవారు గ్రామములలో ఇంకను ఉండగనే, వారిని కలిసి ఆ మాటలను, మజిలీల పేరులను వ్రాసి యుంచవలెనని కోరుచున్నాను. మా తాతగారు ఆ రాత్రి చక్రము నానబెట్టిన చెరువు పేరు నేను ఆయనను అడిగియుండలేదు. ఆ లోపము మరియొకరికి కలుగకుండుగాక.