గడువు తీరిన ఆటగాడు



మన యూళ్లలో పాలేరును కుదుర్చుకొను పద్ధతి మీకందఱకును తెలిసినదే. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యము, ఇంత రొక్కము, ఒక పంచెల చాపు, ఒక జత చెప్పులు అని మాటాడుకొని, గడువు తీరిన నాడు లెక్క చూచుకొందురు. ఇరువురకును సమ్మతమైనచో మఱియొక యేడు. కానిచో వాడు వేఱొక కామందును చూచుకొనును. బాకీపడినవాడు కదలలేకపోవుటయు మన పల్లెలలో నుండెడిది. అది వేఱు కథ, మనకు తలవంపుల కథ. కాని చిల్లిగవ్వ బాకీ లేక, గడువు తీరి, జీతము నిలిచిపోయి, అయినను మఱియొకచోట పనిచేయరాదను కట్టడికి లోబడిన పనివానిని మీరెన్నడైన చూచితిరా? అట్టివారు ఇంగ్లండు దేశమున డెబ్బది సంవత్సరములపాటు ఉండిరి. వారు గనులు త్రవ్వువారు కారు, మిల్లులలో నేయువారు కారు. వారమున కొకనాడు వేలకొలది జనము చూచుచుండగా బంతి తన్నువారు.

తెలుగు పండితునకు ఫుట్‌బాలు ముచ్చట యేల యని మీకు తోపవచ్చును. ఉద్యోగము చేసినన్ని నాళ్లును నేను పిల్లలకు బాలవ్యాకరణము చెప్పితిని. సాయంకాలము ఆటస్థలమున ఈల పట్టుకొని నిలుచు పనికి మఱియెవరును ఒప్పుకొననందున అదియు నాకే తగులుకొనెడిది. ఆ విధముగా ఆ యాట చరిత్ర చదువుట కలవాటుపడితిని. నేడు ఆటనుగూర్చి చెప్పబోను, ఒడంబడికనుగూర్చి చెప్పెదను. కౌలు, పాలు, తనఖా ఎఱిగిన మీకన్న దానిని బాగుగా తూచగలవారు లేరు.

ఫుట్‌బాలు మొదట ఇంగ్లండులో కలవారి బిడ్డలు చదువుకొను పాఠశాలలలో పెరిగిన యాట. కూలికి ఆడుట నీచమని వారి తలంపు. అయితే ఉత్తరపు జిల్లాలలోని బట్టలమిల్లుల పట్టణములవారు చాటుగా సొమ్మిచ్చి స్కాట్లండునుండి ఆటగాండ్రను రప్పింపసాగిరి. ఎంత వారించినను ఆగనందున, 1885వ సంవత్సరమున ఫుట్‌బాల్ అసోసియేషన్ అను పెద్దసభవారు జీతమునకు ఆడుట నంగీకరించిరి. 1888లో విలియం మెక్‌గ్రెగర్ అను బట్టలవర్తకుని పూనికచే పండ్రెండు క్లబ్బులు చేరి లీగు నేర్పఱచుకొనెను. టిక్కెట్ల సొమ్ము పెరిగినకొలది, ధనముగల క్లబ్బు బీదక్లబ్బు పెంచిన ఆటగానిని లాగుకొనుట మొదలయ్యెను. దానిని మాన్పుటకై 1893లో లీగువారు ఒక నిబంధన చేసిరి.

ఆ నిబంధనను కొంచెము నిదానముగా వినుడు. ఆటగాడు ఒక క్లబ్బులో చేరగానే అతని పేరు లీగు రిజిస్టరులో ఆ క్లబ్బు క్రింద నెక్కును. ఒడంబడిక ఏడాదికే. కాని ఏడాది ముగిసినంతమాత్రమున పేరు రిజిస్టరునుండి తొలగదు. ఆటకాలము ముగియునప్పుడు క్లబ్బువారు ఉంచుకొనువారి పేర్లొక జాబితాగాను, అమ్మదలచినవారి పేర్లొక జాబితాగాను వ్రాయుదురు. ఉంచుకొనువానికి రాబోవు ఏటి జీతమింత యని చెప్పుదురు. అది చాలదని అతడు చేవ్రాలు చేయకపోయినచో వారు జీతమియ్యనక్కఱలేదు; పేరు మాత్రము వారియొద్దనే యుండును. వారి యనుమతి లేక లీగులో మఱియే క్లబ్బును అతనిని ఆడింపరాదు. ఆ యనుమతికి వెల కలదు. ఆ వెల ఆటగానికి గాక క్లబ్బునకే చెందును. ఒడంబడిక ఏడాదికి, పట్టు మాత్రము ఆట మానునంతవఱకు.

ఇది చాలదన్నట్లు 1901లో ఇంకొక కట్టడి వచ్చెను. ఎంతటి ఆటగానికైనను వారమునకు నాలుగు పౌనులకు మించి ఇయ్యరాదు. క్రొత్తగా చేరినప్పు డిచ్చు సొమ్ము పది పౌనులకు మించరాదు. ఆనాటి నేర్పరియైన పనివాని వారపుకూలికన్న నాలుగు పౌనులు ఎక్కువయే యని ఒప్పుకొనవలెను. కాని వడ్రంగి అఱువదియేండ్లవఱకు ఉలి పట్టును. ఆటగాని మోకాలు ముప్పదియైదేండ్లకే మొరాయించును.

ఈ రెండు కట్టడులను నేను పలుపనియు కుంచమనియు చెప్పుచుందును. కుంచమొక్కటే యున్నచో, జీతమెక్కడనైన నొక్కటే గనుక అతడు తనకు నచ్చిన యూరినైన ఎన్నుకొనును. పలుపొక్కటే యున్నచో, ఉన్నచోటనే హెచ్చు అడుగును. రెండును కలిసినప్పుడు అడుగుటకు నోరులేదు, పోవుటకు దారిలేదు. ధనికక్లబ్బులు మంచివారినెల్ల కొనివేసినచో చిన్న పట్టణములు ఆటనే మానుకొనవలసివచ్చునని లీగువారి వాదము. అది వట్టి బూటకమని నేననను. 1960లో లీగు గెలిచిన బర్న్‌లీ, లక్షజనము లేని మిల్లుల యూరు. అట్టి యూరు లండను, మాంచెస్టరు క్లబ్బులను మించుటకు ఈ కట్టడి తోడుపడినదనియే నా నమ్మకము. అయితే ఊళ్ల సమానత్వమునకు వెల ఎవరిచ్చిరి? ఆటగాండ్రిచ్చిరి. ఇత్తురాయని వారి నెవరును అడుగలేదు.

ఆట తెచ్చిన సొమ్ము ఎటు పోయెనో ఒక్క లెక్కచే తెలియును. 1905లో ఆల్ఫ్ కామన్ అను ఆటగానికై మిడిల్స్‌బ్రో క్లబ్బు సండర్‌లండు క్లబ్బునకు వేయి పౌనులిచ్చెను. వారమునకు నాలుగు పౌనుల చొప్పున అది 250 వారముల జీతము, ఇంచుమించు ఐదేండ్ల కూలి. అది అమ్మినవారి పెట్టెలో పడెను. ఆటగాని జీతము మాత్రము నాలుగు పౌనుల హద్దు దాటరాదు. సంతలో ఎద్దును అమ్మినప్పుడు వెలలో ఎద్దునకు పాలెక్కడిదని మీరనవచ్చును. ఆ మాటయే ఆటగాండ్రును అనుకొనిరి.

కట్టడి బిగిసినకొలది దొంగదారులు పెరిగెను. మాంచెస్టర్ సిటీ క్లబ్బు హద్దుకు మించి జీతములిచ్చినదని 1906లో తేలి, పదునేడుగురు ఆటగాండ్రు ఆ క్లబ్బు పక్షమున మఱెన్నడును ఆడరాదని శిక్షింపబడిరి. తరువాత ఒక హోటలులో వారిని వేలమువేసిరి. మనుష్యులను వేలమువేసిరని నేను అతిశయోక్తి చెప్పుట లేదు. ఆ హోటలు పేరు క్వీన్స్ హోటలు. శిక్షపడినవారిలో బిల్లీ మెరిడిత్ అను వేల్సుదేశీయుడు కలడు. చిన్ననాట బొగ్గుగనిలో పనిచేసినవాడు. నోట పుల్ల కొఱుకుచు ఆడుట అతని వాడుక.  అతని పూనికచే 1907లో మాంచెస్టరునందు ఆటగాండ్ర సంఘ మేర్పడెను. 1909లో పెద్దసభవారు సంఘమును విడిచినగాని ఆడనీయమని బెదరింపగా పెక్కుమంది జంకిరి. మాంచెస్టర్ యునైటెడ్ వారు మాత్రము జంకక, తమకు తామే వెలివేయబడినవారమని పేరుపెట్టుకొని సాధన సాగించిరి. తుదకు సంఘము నిలిచినది, జీతపు హద్దును నిలిచినది. 1912లో కింగబీ అను ఆటగాడు ఆస్టన్ విల్లా క్లబ్బుపై దావా వేసి ఓడిపోయెను. దాని ఖర్చులతో సంఘము క్రుంగి, కోర్టు గడప మరల నెక్కుటకు ఏబదియేండ్లు పట్టెను.

ఈలోగా కుంచము పెరుగుచు తరుగుచు నుండెను. 1920లో తొమ్మిది పౌనులు, 1922లో మరల ఎనిమిదికి దిగెను. 1947లో పండ్రెండు, 1958లో ఇరువది. ప్రెస్టన్ పట్టణపు టామ్ ఫిన్నీ ఆ కాలమున దేశమునకే మేటి ఆటగాడు. కడుపు నిండుటకు నీటిగొట్టముల పనియు చేసెడివాడు. 1952లో ఇటలీదేశపు పలెర్మో క్లబ్బు అధిపతి అతనికి చేరినందుకు పదివేల పౌనులును, నెలకు నూటముప్పదియు ఇచ్చెదనని పిలిచెను. ప్రెస్టన్ క్లబ్బువారు వీలులేదనిరి. ఫిన్నీ మారుమాటాడక మరల తన గొట్టముల పనికిని, తన యాటకును పోయెను. దానిని కొందఱు వినయమని మెచ్చుకొందురు, నేను మెచ్చుకొనలేను.

ఆ యేండ్లలోనే మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయిలోని రోవర్స్ కప్పు గెలిచెను. వారిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం నావలెనే బడిపంతులు. ఆ యాటగాండ్రకు కూడు పెట్టినది ఆట ఒడంబడిక కాదు, పోలీసు కొలువు. ఆ దారి వేఱు, దాని కష్టసుఖములు వేఱు; ఇంగ్లండునకు మరలుదము.

1957లో జిమ్మీ హిల్ అను ఆటగాడు సంఘాధ్యక్షుడయ్యెను. జీతపు హద్దు తీయకున్నచో 1961 జనవరి 21వ తేదీన సమ్మె యని సంఘము ప్రకటించెను. మాంచెస్టరు సభలో ఒక కుఱ్ఱవాడు లేచి, గనిలో పనిచేయు తన తండ్రికి వచ్చు కూలికన్న తనకు వచ్చు ఇరువది పౌనులు ఎక్కువే గదా యనెనట. దానికి బోల్టన్ ఆటగాడు టామీ బ్యాంక్స్, గని పని కష్టమేగాని మీ తండ్రి ముప్పదివేలమంది కన్నుల యెదుట స్టాన్లీ మాథ్యూసును అడ్డగింపనక్కఱలేదుగదా యని బదులు చెప్పెనందురు. సమ్మెకు మూడునాళ్ల ముందు లీగువారు దిగివచ్చిరి. హద్దు పోయెను. ఫుల్‌హాం క్లబ్బు జానీ హేన్సునకు వారమునకు నూఱు పౌనులిచ్చెను. మఱుసటి యేడే ఆక్రింగ్టన్ స్టాన్లీ అను చిన్న క్లబ్బు అప్పులపాలై లీగును విడువగా, చూచితిరా మేము చెప్పలేదా యన్నవారు కలరు. దాని యప్పులు అంతకుముందటివి.

కుంచము పోయినది గాని పలుపు మిగిలియుండెను. దానిని కోసినవాడు జార్జి ఈస్టమ్. న్యూకాసిల్ క్లబ్బులో అతని ఒడంబడిక 1960 జూన్‌తో తీరెను. అతడు క్రొత్త చేవ్రాలు చేయనని, వేఱొక క్లబ్బునకు విడువుమని అడిగెను. విడువమనిరి. గడువు తీరినందున జీతము లేదు, పేరు వారిదైనందున ఆట లేదు. అతడు ఊరు విడిచి దక్షిణమునకు పోయి బెండుచెక్క అమ్ము ఉద్యోగమున చేరెను. కొన్ని నెలలు బంతి తన్నక బెండు అమ్మెను. నవంబరులో న్యూకాసిలువారు మెత్తబడి, 47,500 పౌనులకు అతనిని ఆర్సెనల్ క్లబ్బునకిచ్చిరి. అంతటితో అతని పని నెఱవేఱినట్లే. దావా వేయకున్నను జరిగిపోవును. అయినను సంఘము కోరగా వ్యాజ్యము నడపెను. ఈ యొక్క మెట్టుకొఱకే నేనతనిని పెద్దగా నెంతును. 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్సు తీర్పు చెప్పెను: గడువు తీరినవానిని ఇట్లు పట్టియుంచుట పనిచేసి బ్రతుకువాని స్వేచ్ఛను న్యాయము మీఱి అడ్డగించుట యని. అయితే బదిలీ వెలను ఆయన కొట్టివేయలేదు. ఒడంబడిక తీరినవానికిని వెల కట్టుట ఇంకను సాగెను.

ఆ శేషమును తీర్చినది బెల్జియము. లియేజ్ క్లబ్బున జాన్ మార్క్ బోస్మాన్ అను ఆటగాని ఒడంబడిక 1990లో తీరెను. క్లబ్బు అతనికి మునుపటి జీతములో నాలుగవవంతు చాలుననెను. ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బునకు పోబోగా బదిలీ వెల పేచీతో అదియు చెడెను. ఐదేండ్లు వ్యాజ్యమాడిన పిమ్మట, 1995 డిసెంబరు 15వ తేదీన లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము, గడువు తీరినవాడు ఐరోపా సమాఖ్యలోని మఱియొక దేశపు క్లబ్బునకు పోవునప్పుడు పాత క్లబ్బు వెల అడుగరాదని తీర్పు చెప్పెను. అప్పటికి బోస్మాన్‌కు ముప్పదియొకటి యేండ్లు. ఫలము ననుభవించినవారు ఇతరులు.

కుంచము మాత్రము వేఱు రూపమున మరల వచ్చినది. అమెరికావారు ఫుట్‌బాలని పిలుచునది బంతి చేతపట్టి పరుగిడు వేఱొక యాట. అక్కడి ఆటగాండ్రును కోర్టులకెక్కి 1993లో గడువు తీరినవాడు పోవచ్చునను హక్కు సంపాదించిరి. దానికి బదులుగా 1994నుండి జీతములకు హద్దు నొప్పుకొనిరి. ఇది ఒక్కొక్కనికి కాదు. క్లబ్బు మొత్తమునకు, ఆ మొదటి యేడు మూడుకోట్ల నలువదియాఱు లక్షల డాలర్లు. కొలత ఉమ్మడి గాదెకు గాని విస్తరికి గాదన్నమాట. ఈ పద్ధతి ఆటగాండ్రు సంతకముచేసి ఒప్పుకొన్నది గనుక 1901 నాటి దానితో పోల్చరాదని నా మతము. ఇందును కరణముల నేర్పు కలదు. చేరునప్పుడు ఏబది లక్షలు చేతబెట్టి, ఒడంబడిక ఐదేండ్లదైనందున లెక్కలో ఏటికి పదేసి లక్షలుగా వ్రాయుదురు. నడుమ అతనిని తొలగించినచో మిగిలిన ముక్కలు మీదికి వచ్చి పడును. ఆటగాడు లేకున్నను అతని లెక్క గాదెలో చోటు తినుచుండును.

స్పెయిను లీగులోను 2013నుండి క్లబ్బు ఆదాయమునుబట్టి ఇట్టి హద్దు ఏర్పడెను. 2021 జూన్ నెలాఖరున బార్సిలోనా క్లబ్బులో లయొనెల్ మెస్సీ ఒడంబడిక తీరెను. పదుమూడవ యేటనుండి అతనిని పెంచిన క్లబ్బు అది. అతడు ఉండదలచెను, జీతము సగమునకు తగ్గించుకొనుటకును సిద్ధపడెను, క్లబ్బును ఉంచుకొనదలచెను. క్లబ్బు అప్పులలో మునిగి జీతముల మొత్తము హద్దు మీఱియున్నందున లీగువారి రిజిస్టరులో అతని పేరెక్కలేదు. ఆగస్టు 8వ తేదీన అతడు సభలో కన్నీరు పెట్టుకొని సెలవు తీసికొని, 10వ తేదీన పారిసు క్లబ్బున చేరెను. ఒడంబడిక తీరినవాడు గనుక బార్సిలోనాకు బదిలీ వెల రాలేదు.