కెరటోకోనస్: కాంటాక్ట్ లెన్సులు, ఎండ కళ్లద్దాలు

కెరటోకోనస్ కంటి ముందుభాగంలో ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియాకు వచ్చే వ్యాధి. గుండ్రంగా ఉండాల్సిన కార్నియా క్రమంగా పలచబడి, కంటి లోపలి ఒత్తిడికి శంకువులా ముందుకు ఉబుకుతుంది. ఎక్కువగా యుక్తవయసులో మొదలై ముప్ఫై, నలభై ఏళ్ల వరకు ముదురుతుంది. ఆ తర్వాత చాలామందిలో నిలకడకు వస్తుంది. సాధారణంగా రెండు కళ్లకూ వస్తుంది కానీ, ఒక కంట్లో ఎక్కువగా, మరో కంట్లో తక్కువగా ఉంటుంది. ఇది అంటువ్యాధి కాదు. పూర్తి అంధత్వానికి దారితీయడం అరుదు.

ఈ వ్యాధి ఉన్నవారు మూడు పనులను విడివిడిగా చూడాలి: వ్యాధి ముదరకుండా ఆపడం, చూపు సరిచేసుకోవడం, కంటిని ఎండ నుంచి, దుమ్ము నుంచి కాపాడుకోవడం. ఒక పనికి వాడే సాధనం మరో పని చేయదు. లెన్సు పెట్టుకోగానే చూపు బాగైందని పరీక్షలు మానేసినవారిలో వ్యాధి లోలోపల ముదిరిపోవచ్చు.

చరిత్ర

బ్రిటిష్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ 1854లో ఈ వ్యాధిని వివరంగా వర్ణించి, ఇతర కార్నియా జబ్బుల నుంచి వేరుచేశారు. కాంటాక్ట్ లెన్సుల చరిత్రకూ దీనితో దగ్గరి సంబంధం ఉంది. 1888లో అడాల్ఫ్ ఫిక్ గాజు లెన్సుల గురించి ప్రకటించారు. అదే కాలంలో పారిస్‌లో యూజీన్ కాల్ట్ కెరటోకోనస్ రోగులకు గాజు లెన్సులు అమర్చి చూశారు. వ్యాధిని ఆపే క్రాస్‌లింకింగ్ చికిత్స మాత్రం ఇటీవలిది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో దాన్ని రూపొందించిన వైద్యబృందం 2003లో రోగులపై తొలి ఫలితాలను ప్రచురించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఆమోదించింది.

కారణాలు

ఒకే కారణమంటూ లేదు. కొంత వంశపారంపర్యం. కొంత అలర్జీలు, ఆస్తమా వంటి సమస్యలతో ముడిపడింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. మన చేతిలో ఉన్న ముఖ్యమైన అంశం కళ్లు నులుముకోవడం. వేసవిలో పిల్లల కళ్లు ఎర్రబడి, దురదపెట్టి, తీగలాంటి పుసి వచ్చే అలర్జీ ఉంటే వాళ్లు పిడికిళ్లతో కళ్లు గట్టిగా రుద్దుకుంటారు. బలహీనమైన కార్నియాకు ఆ ఒత్తిడి చేటు చేస్తుంది. అందుకే దురద తగ్గించే చుక్కల మందు, చల్లని కాపడం కూడా ఈ వ్యాధి చికిత్సలో భాగమే. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వైద్యుల సలహా లేకుండా మందుల షాపులో కొని వాడకూడదు. వాటివల్ల నీటికాసులు, శుక్లాలు రావచ్చు.

లక్షణాలు, నిర్ధారణ

కళ్లజోడు పవరు తరచూ మారడం, కొత్త అద్దాలు వేసుకున్నా అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపించడం, ఒక్క దీపం చుట్టూ రెండు మూడు నీడలు తోచడం, రాత్రి ఎదురు వాహనాల లైట్లు చారలుగా సాగడం, వెలుతురు భరించలేకపోవడం ప్రధాన లక్షణాలు. తొలిదశలో దీన్ని మామూలు సైటుగానే పొరబడే అవకాశం ఉంది. కార్నియా ఉపరితలపు వంపులను పటంగా చూపే టోపోగ్రఫీ, మందాన్ని కూడా కొలిచే టోమోగ్రఫీ పరీక్షలతో నిర్ధారిస్తారు. ఆరోగ్యవంతమైన కార్నియా మధ్యభాగం మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఈ వ్యాధి ఉన్నవారికి సైటు తగ్గించే లేసిక్ లేజర్ శస్త్రచికిత్స చేయకూడదు. ఇప్పటికే పలచబడిన పొరను అది మరింత బలహీనపరుస్తుంది.

ముదరకుండా ఆపే చికిత్స

మన ఆసుపత్రుల్లో సీ3ఆర్ అని పిలిచే క్రాస్‌లింకింగ్‌లో కార్నియాపై రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ చుక్కలు వేసి, కొలిచిన మోతాదులో అతినీలలోహిత ఎ కిరణాలు ప్రసరింపజేస్తారు. దాంతో కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. ప్రామాణిక పద్ధతిలో కిరణాల ప్రసారం 30 నిమిషాలు సాగుతుంది. పైపొర తీసిన తర్వాత కార్నియా కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలి. అంతకన్నా పలచగా ఉంటే మార్పులు చేసిన పద్ధతులు ఎంచుకుంటారు. దీని లక్ష్యం వ్యాధిని నిలబెట్టడం. చూపు కోసం కళ్లజోడో, లెన్సో తర్వాత కూడా అవసరమవుతుంది. చికిత్సలో అతినీలలోహిత కిరణాలు వాడతారు కదా అని ఎండలో నిలబడితే ఆ ఫలితం రాదు.

కాంటాక్ట్ లెన్సులు

తొలిదశలో కళ్లజోడు, లేదా సాఫ్ట్ టోరిక్ లెన్సు సరిపోతుంది. వంపు అస్తవ్యస్తమయ్యాక గట్టి లెన్సులు అవసరమవుతాయి. గట్టి లెన్సుకూ కార్నియాకూ మధ్య కన్నీటి పొర నిండి, ఎగుడుదిగుళ్లను పూడ్చేస్తుంది. వెలుగు నున్నటి కొత్త ఉపరితలం మీదుగా లోపలికి వెళ్తుంది. కళ్లజోడుతో పై వరుసలే కనిపించినవారు గట్టి లెన్సుతో చార్టులో కింది వరుసలు చదవడం ఇందువల్లే.

గట్టి లెన్సుల్లో ఒక రకమైన ఆర్జీపీ లెన్సులు చిన్నవి, ఆక్సిజన్‌ను లోపలికి పోనిస్తాయి. తొలివారాల్లో గుచ్చుకుంటున్నట్లు ఉండి క్రమంగా అలవాటవుతుంది. దుమ్ము నలుసు లెన్సు కిందకు దూరితే మాత్రం నొప్పి భరించడం కష్టం. శంకువు ఆకారానికి తగ్గట్టు ప్రత్యేకంగా తయారైన రోజ్ కె లెన్సులు ఈ కోవలోవే. గట్టి లెన్సు నప్పనివారికి కింద సాఫ్ట్ లెన్సు, దానిపై గట్టి లెన్సు పెట్టే పిగ్గీబ్యాక్ పద్ధతి ఉంది. మధ్యలో గట్టిగా, అంచున మెత్తగా ఉండే హైబ్రిడ్ లెన్సులూ ఉన్నాయి.

స్క్లెరల్ లెన్సులు పెద్దవి. ఇవి కార్నియాను తాకకుండా దాటి, తెల్లగుడ్డుపై కూర్చుంటాయి. ప్రిజర్వేటివ్ లేని సెలైన్ నింపి, తల వంచి, బుడగ రాకుండా పెట్టుకోవాలి. సౌకర్యం ఎక్కువ, నలుసు దూరే అవకాశం తక్కువ, ధర మాత్రం ఎక్కువ. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో స్క్లెరల్ లెన్సుల కోవకు చెందిన ప్రోజ్ చికిత్స అందుబాటులో ఉంది.

లెన్సుల శుభ్రత

చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే లెన్సు ముట్టుకోవాలి. లెన్సుకు గానీ డబ్బాకు గానీ కుళాయి నీరు, తాగే నీరు, ఉమ్మి తగలకూడదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తీవ్రంగా దెబ్బతీస్తుంది. స్నానం, ఈత, నిద్ర వేళల్లో లెన్సు తీసేయాలి. డబ్బాలోని పాత ద్రావణం పారబోసి, రోజూ కొత్తది పోయాలి. కాటుక లెన్సు పెట్టాకే, అదీ రెప్ప అంచు లోపలికి రాకుండా పెట్టుకోవాలి. కన్ను ఎర్రబడి, నొప్పి, మసక వస్తే లెన్సు వెంటనే తీసి, అదేరోజు వైద్యులను కలవాలి. కార్నియా లోపలి పొర చిట్లి నీరు చేరే హైడ్రాప్స్ కూడా ఇలాంటి లక్షణాలతోనే హఠాత్తుగా వస్తుంది.

ఎండ కళ్లద్దాలు

ఇవి వ్యాధిని ఆపవు, నయం చేయవు. వెలుతురు బాధ తగ్గిస్తాయి, అతినీలలోహిత (యూవీ) కిరణాలను అడ్డుకుంటాయి, గాలినీ దుమ్మునూ కళ్లకు తగలనీయవు. దురద తగ్గితే నులుముకోవడమూ తగ్గుతుంది.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది యూవీ400 రక్షణ. నలుపు ఎంత చిక్కగా ఉంటే అంత రక్షణ అనుకోవడం పొరపాటు. యూవీ రక్షణ పూర్తిగా రంగులేని అద్దానికీ ఉండవచ్చు, కటిక నల్లటి చౌక అద్దానికి లేకపోవచ్చు. చీకటి వల్ల కనుపాప పెద్దదవుతుంది. రక్షణ లేని నల్లద్దం వెనుక పెద్దదైన కనుపాపలోంచి హానికర కిరణాలు మరిన్ని లోపలికి వెళ్తాయి. కెరటోకోనస్ ఉన్నవారికి ఇంకో నష్టమూ ఉంది: కనుపాప పెద్దదైనకొద్దీ కార్నియాలోని వంకర భాగం ఎక్కువగా పనిలోకి వచ్చి, నీడలు, మసక పెరుగుతాయి. అందుకే బాధ తగ్గేంత రంగు చాలు.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-1 ప్రకారం రంగు చిక్కదనం 0 నుంచి 4 వరకు ఉంటుంది. 2వ తరగతి అద్దం 18 నుంచి 43 శాతం, 3వ తరగతి 8 నుంచి 18 శాతం వెలుతురును పోనిస్తాయి. మనలాంటి ఎండ ప్రాంతాలకు ఈ రెండింట్లో ఒకటి సాధారణంగా నప్పుతుంది. 4వ తరగతి అద్దాలతో వాహనం నడపకూడదు.

పోలరైజ్డ్ అద్దాలు తారురోడ్డు, నీరు, కారు బానెట్ల మీద నుంచి కొట్టే తళతళను తగ్గిస్తాయి. పోలరైజ్డ్ అన్నంత మాత్రాన యూవీ రక్షణ ఉన్నట్లు కాదు, దాన్ని విడిగా చూసుకోవాలి. కొన్ని ఫోన్, డ్యాష్‌బోర్డు తెరలు వీటిలోంచి సరిగా కనిపించవు. ఎండకు రంగుమారే ఫొటోక్రోమిక్ అద్దాలు కారులో అంతగా నల్లబడవు, ముందద్దమే యూవీని చాలావరకు అడ్డుకుంటుంది. బూడిదరంగు అద్దాలు రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపుతాయి.

ఆకారమూ ముఖ్యమే. పక్కల నుంచి వెలుతురు, దుమ్ము రాకుండా ముఖాన్ని చుట్టే చట్రం మేలు. ఆర్జీపీ లెన్సుతో బండి నడిపేవారికి ఇది తప్పనిసరి అనుకోవాలి, హెల్మెట్ వైజర్ దించే ఉంచాలి. లెన్సుతో చూపు సరిపోయేవారు పవరు లేని ఎండ కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు. రాత్రివేళ ఏ రంగు అద్దమూ వద్దు, పసుపు అద్దాలైనా సరే. అవి వెలుతురును తగ్గిస్తాయే తప్ప చూపును పెంచవు.

శస్త్రచికిత్సలు

కార్నియాలో చిన్న రింగు ముక్కలు అమర్చి వంపు తగ్గించే పద్ధతి కొందరికి పనికొస్తుంది. మచ్చ పడినా, లెన్సు నిలవకపోయినా కార్నియా మార్పిడి చేస్తారు. లోపలి పొర బాగుంటే దాన్ని అలాగే ఉంచి, ముందు పొరలే మార్చే డాల్క్ పద్ధతిలో తిరస్కరణ ముప్పు తక్కువ. మార్పిడి తర్వాత కూడా చాలామందికి కళ్లజోడో, లెన్సో అవసరమే. దీనికి కావలసిన కార్నియా నేత్రదానం వల్లనే దొరుకుతుంది.

కుటుంబానికి సూచన

ఇంట్లో ఒకరికి కెరటోకోనస్ ఉన్నట్లు తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ టోపోగ్రఫీ చేయించాలి. కళ్లు తరచూ నులుముకునే పిల్లలనూ, ఏడాది తిరక్కుండానే కళ్లజోడు పవరు మారే యువతనూ కార్నియా నిపుణులకు చూపించాలి. పోయిన మందాన్ని తిరిగి తెచ్చే మందు నేటికీ లేదు, ఉన్నదాన్ని నిలుపుకునే చికిత్స ఉంది.