జీబ్రా అంటే నమ్మాను

నాన్న రిటైరైన ఏడాది, 2007లో, విజయవాడలో మా ఇంటి హాల్లోకి మూడడుగుల గాజుతొట్టి వచ్చింది. నూటయాభై లీటర్ల నీళ్ళు పట్టేది. చేపలు వేయడానికి నాన్న నెలన్నర ఆగారు. రోజూ చిటికెడు మేత నీళ్ళలో వేసి, "ముందు నీళ్ళు పండాలిరా" అనేవారు. చేపల వ్యర్థాల్లో పుట్టే అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో కుదురుకునేదాకా ఆ తొట్టిలో ఇసుక, మొక్కలు, బోర్లించిన ఓ పగిలిన పూలకుండీ తప్ప ఏమీ లేవు.

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. పన్నెండు నియాన్ టెట్రాలు, ముత్యాల గౌరామి జంట, అడుగున ఇసుక వెతుక్కునే నాలుగు కోరీలు, పైన పరుగులు తీసే అయిదు జీబ్రా డానియోలు. సాయంత్రం దీపం వేయగానే నియాన్ల నీలిగీత ఒకేసారి వెలిగేది. అమ్మ కూరగాయలు తరుగుతూ కూడా అటే చూసేది. రెండేళ్ళు ఆ తొట్టిలో ఎవరి చోటు వాళ్ళదిగా గడిచింది.

2009 వేసవికి డానియోలు ముసలివై రెండే మిగిలాయి. "నాలుగు జీబ్రాలు పట్రారా" అన్నారు నాన్న. దుకాణంలో జీబ్రాలు కావాలన్నాను. అంగుళంన్నర ఉన్న రెండు చేపల్ని చూపించి "ఇవీ జీబ్రాలేనండీ" అన్నాడు కుర్రాడు. డానియో గీతలు తల నుంచి తోకదాకా పొడుగ్గా సాగుతాయి. వీటికేమో వీపు నుంచి పొట్టకు నల్లగా, నిలువుగా దిగాయి. ఆ తేడా నా కళ్ళకు ఆనింది. అయినా అందంగా ఉన్నాయని తెచ్చాను.

నాన్న కవరు వెలుతురుకు ఎత్తి చూశారు. "ఇవి కన్విక్ట్ సిక్లిడ్లురా. వెనక్కిచ్చెయ్." ఆ చారలు ఖైదీ బట్టల్లా ఉంటాయని వాటికా పేరు. "ఇంత చిన్నవి ఏం చేస్తాయి నాన్నా, ఉండనీ" అన్నాను. ఆయన ఇంకో మాట అనలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

మూడు నెలలు ఏమీ కాలేదు. ఒకరోజు కుండీ కింద ఇసుక గుంటపడి కనిపించింది. ఆడచేప పొట్టమీద నారింజరంగు తేలింది. మగది నోటినిండా ఇసుక పట్టి బయటికి తెచ్చి ఉమ్మేది, మళ్ళీ లోపలికి వెళ్ళేది. కుండీ లోపలి గోడకు గుడ్లు అంటుకున్నాయి. మధ్య అమెరికా వాగుల్లో పుట్టిన జాతి అది. అక్కడ గుడ్డుకు, పిల్లకు చుట్టూ శత్రువులే. అందుకే తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తాయి, దగ్గరికొచ్చినదాన్ని తరిమేస్తాయి. వాగులో తరిమించుకున్న చేప పదడుగులు పారిపోతే గొడవ తీరిపోతుంది. మా తొట్టి పొడవే మూడడుగులు.

మొదట బలైనవి కోరీలు. అవి చీకట్లో అడుగంతా కలియదిరుగుతాయి, కుండీ దాకా వెళ్ళకూడదని వాటికి తెలియదు. పొద్దున చూస్తే ఒకదానికి కన్ను లేదు. గౌరామి మగది తీగల్లాంటి రెక్కలు తెగి ఫిల్టర్ గొట్టానికి ఆనుకుని ఉండిపోయింది. నియాన్లన్నీ పైమూల హీటర్ వెనక ముద్దగా చేరాయి. మేత వేసినా కిందికి దిగలేదు. వాటి ఒంటిమీద ఒక్క గాయం లేదు, భయంతోనే నీరసించి తెల్లమచ్చ రోగానికి లొంగిపోయాయి. పన్నెండు నియాన్లు తొమ్మిది రోజుల్లో పోయాయి. నాన్న ప్రతి పొద్దునా చిన్న వల తీసుకుని తొట్టి ముందు నిలబడేవారు. నన్ను ఒక్క మాట అనలేదు.

వెంటనే వేరే తొట్టి కొని ఆ జంటను అందులోకి మార్చి ఉండాల్సింది. నెలాఖరు జీతం వచ్చాక చూద్దామనుకున్నాను. నెలాఖరుకి తొట్టిలో ఆ జంట, వాటి పిల్లలు మాత్రమే మిగిలాయి.

1973లో నోబెల్ అందుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్, 1963లో వెలువరించిన గ్రంథంలో తన సిక్లిడ్ల గురించి రాశాడు. తరమడానికి పొరుగుచేప లేకుండా చేస్తే మగచేప తన జంటమీదకే తిరగబడుతుందని. నేనది చదివింది చాలా ఏళ్ళ తర్వాత. మా ఇంట్లో మాత్రం అప్పటికే జరిగిపోయింది. ఆడచేప కుండీ బయట, పక్కకు ఒరిగి, మొప్పలు బరువుగా ఆడిస్తూ కనిపించింది. నాన్న దాన్ని బకెట్లోకి తీశారు. సాయంత్రం దాకా బతికింది. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.

మగచేపను చెరువులో వదిలేద్దామన్నాను. "వద్దు" అన్నారు నాన్న, ఆ ఒక్కసారే గట్టిగా. అది చెరువులో బతికితే అక్కడి చేపలకు ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఇళ్ళ నుంచి వదిలిన సక్కర్ చేపలు ఇవాళ మన చెరువుల్లో, కాలువల్లో జాలర్ల వలలు చింపుతున్నాయి.

ఆ చేప మరో నాలుగేళ్ళు ఒంటరిగా బతికింది. నాన్న రోజూ మేత వేశారు, వారం వారం నీళ్ళు మార్చారు, కుండీ చుట్టూ ఇసుక సరిచేశారు. 2013లో అది పోయాక తొట్టి కడిగి మేడమీదికి చేర్చారు. మళ్ళీ అందులో నీళ్ళు పోయలేదు.