దేవుడు వరమిచ్చినా బయాస్ ఒప్పుకోలేదు

ఇరవయ్యేళ్ళ క్రితం ఇంటెల్ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద లినక్స్ వేసుకున్నవాళ్ళలో కొందరికి ఈ బాధ గుర్తుండే ఉంటుంది. మెషీన్‌లో 256 ఎంబీ ర్యామ్ ఉంటుంది. విండోస్‌లో 1024×768 హాయిగా వస్తుంది. ఎక్స్ విండోస్ మొదలెడితే మాత్రం 640×480! లాగ్ తెరిస్తే వీడియో మెమరీ 832 కేబీ అని కనబడేది.

అసలు సంగతేంటంటే.. 845జీ (2002), 855జీఎం (2003) లాంటి చిప్‌సెట్లకి విడిగా వీడియో మెమరీ ఉండదు. బూట్ అయ్యేటప్పుడే బయాస్ సిస్టమ్ ర్యామ్‌లో కొంత పక్కన పెట్టేస్తుంది. దాని పేరే "స్టోలెన్ మెమరీ". కొన్ని మెషీన్లలో అది 1 ఎంబీయే. 16 బిట్ల రంగుతో 1024×768కి 1.5 ఎంబీ కావాలి. 800×600కే 937 కేబీ దాటుతుంది. ఇక మిగిలేది 640×480 అన్నమాట.

మరి ర్యామ్ లేదా అంటే, బోలెడుంది. ఏజీపీ గార్ట్ ద్వారా డ్రైవర్ కెర్నల్‌నడిగి ఇంకా తెచ్చుకోగలదు. కానీ ఆ రోజుల్లో ఈ డ్రైవర్ మోడ్ మార్చాలంటే వీడియో బయాస్‌నే అడగాలి. తన లెక్కలో పట్టని మోడ్‌కి బయాస్ ససేమిరా అంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఒప్పుకోలేదంటే ఇదే!

దీనికి డ్రైవర్ రాసినవాళ్ళు వేసిన మందు చూస్తే నవ్వొస్తుంది. ర్యామ్‌లో ఉన్న బయాస్ కాపీలోకి దూరి, తెలిసిన ఒక స్ట్రింగ్‌ని ఆనవాలుగా పట్టుకుని, అక్కడున్న మెమరీ సైజు అంకెని మార్చేశారు. పూజారి చిట్టానే దిద్దేశారన్నమాట. రీబూట్ చేస్తే మళ్ళీ పాత అంకే.

అసలు వైద్యం 2007లో జరిగింది. ఇంటెల్ డ్రైవర్ 2.0 బయాస్‌ని అడగడం మానేసి మోడ్ తనే సెట్ చేసుకుంది. 2009లో 2.6.29తో ఆ పని కెర్నల్‌లోకే వెళ్ళిపోయింది.

ఇక్కడ బయాస్ అబద్ధం చెప్పలేదు. తన దగ్గరున్నదెంతో చెప్పింది, అంతే. మనకి కావలసింది "నీ దగ్గరెంతుంది" అన్నది కాదు, "ఎంత వాడుకోవచ్చు" అన్నది. తప్పు ప్రశ్నకి వచ్చిన ఒప్పు జవాబు కూడా బగ్గే.

అలాగని ఆ ప్యాచ్‌ని నేను వెక్కిరించను. 640×480 చూసి విసుగెత్తి లినక్స్ తీసేసేవాడికి మూడేళ్ళు ఆగమని చెప్పలేం కదా!